నీళ్లు అడగని బండి

గిన్నె అడుగున పేరుకున్న బురదను హెన్రీ చూపుడువేలితో గీకి తీసి, పాత పేపరు ముక్క మీద పూశాడు. వారం కిందట తేనెరంగులో పోసిన ఆయిలు ఇప్పుడు సున్నం కలిపినట్టు బూడిదరంగుకు తిరిగింది. ఇంజను పీల్చే గాలి ముందుగా ఈ గిన్నెలోని ఆయిలును తాకి పోవాలి. దుమ్మంతా ఆయిలులో దిగబడిపోతుంది. శుభ్రమైన గాలి మాత్రమే లోపలికి పోతుంది. అరవై ఏళ్ల కిందట జర్మనీలో ఎవరో కూర్చుని ఆలోచించిన ఏర్పాటు అది. అక్కడి దుమ్ముకు ఎన్నాళ్లకు మార్చేవాళ్లో గానీ, బేతంచెర్ల రాతి దుమ్ముకు వారం వారం మార్చాల్సిందే.

గిన్నెను డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, లోపలి గీత దాకా కొత్త ఆయిలు పోశాడు. అంత మాత్రం పనికే మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆగినప్పుడల్లా రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, నోరు తెరిచి గాలి కోసం చూశాడు. గాలికి కొరత లేదు. అది లోపలికి పోయే దారే మూసుకుపోయింది.

గిన్నె తీసేశాక కార్బొరేటరు మూతి ఖాళీగా తెరుచుకుని ఉంది. భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి, ఆ మూతికి కప్పి చుట్టూ తిప్పి ముడి వేశాడు.

గడపలో నిలబడి రాహేలమ్మ చూస్తూ ఉంది.

"నీ మూతికి కట్టుకోవాల్సింది దాని మూతికి కడతాండావు," అంది. "ముప్పై ఏండ్ల ముందర కట్టుకోనుంటే ఈ పొద్దు ఇట్ల ఎగపోసేది ఉండునా?"

"ఫ్యాక్టరీలో కట్టుకున్యా మే. తువ్వాలుకు ఆగే దుమ్మా అది?"

ఆగదని ఆమెకూ తెలుసు. ఆ తువ్వాళ్లు ఉతికింది ఆమే. మొదటి నీళ్లు పాలలాగా పోయేవి.

ముప్పై ఒక్క సంవత్సరాలు హెన్రీ నాపరాయి పలకల అంచులు కోసే మిషను దగ్గర నిలబడ్డాడు. ఆ పలకలు ఎవరెవరి ఇళ్లలోనో నున్నగా, చల్లగా పరుచుకుని ఉన్నాయి. పని మానేసిన రోజు యజమాని ఒక శాలువా కప్పి, ఒక గోడ గడియారం ఇచ్చాడు. గడియారం మూడో నెలలోనే నిలిచిపోయింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, "సిగరెట్టు తాగుతావా?" అని అడిగాడు. తాగనంటే నమ్మలేదు. పోయిన నెల మాత్రం సిగరెట్ల మాట ఎత్తకుండా, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాడు. హెన్రీకి అర్థమైంది.

ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఒక కారు.

కారు పంతొమ్మిది వందల అరవై నాలుగు నాటి బీటిల్. తాబేలు వీపులాంటి పైకప్పు, వెనకవైపు ఇంజను. మిషన్ ఆసుపత్రి దొరసాని దగ్గర హెన్రీ తండ్రి డ్రైవరు. దేశం విడిచి పోతూ ఆమె బండిని అతనికి ఇచ్చి పోయింది. తండ్రి తర్వాత హెన్రీ చేతికి వచ్చింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన హెన్రీ, ఇంగ్లీషు పుస్తకంలోని బొమ్మలు చూసి ఇంజను మొత్తం విప్పి బిగించగలడు. ఆరు ఓల్టుల మీద నడిచే బండిని పోయిన ఏడాది పన్నెండుకు మార్చాడు. డైనమో, బల్బులు, హారను అన్నీ బెంగళూరు నుంచి బస్సు పార్సిలులో తెప్పించాడు. చిమ్నీ దీపాల్లా ఉండే లైట్లు తెల్లగా వెలిగాయి. ఒక్క వైపర్ మోటారు మాత్రం పాత ఆరుదే ఉంచేశాడు. "ఈ సీమలో దాంతో ఏం పని?" అనేవాడు. ఫోనులో ఇలాంటి పాత బండ్లవాళ్ల గ్రూపు ఒకటి ఉంది. పుణే, కోయంబత్తూరు మనుషులు కొందరు ఆయనను 'హెన్రీ అంకుల్' అంటారు, ఫొటోలు పెట్టి సందేహాలు అడుగుతారు. వీధిలో మాత్రం ఆయనను అంత మర్యాదగా పిలిచినవాడు లేడు.

వీధి వాళ్లు బండికి పెట్టిన పేరు వేరు. బిడ్డను మింగిన బండి. రాహేలమ్మ వినేటట్టు అనరు. హెన్రీ వినేటట్టే అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా రాహేలమ్మ ఆ బండి ఎక్కలేదు.

ఈ రోజు నాలుగు గంటలకు, బండి కొనుక్కుంటానని అడిగిన వసంతకుమార్ వస్తాడు. హైవే మీద కొత్తగా హోటలు కడుతున్నాడు. ముందర సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద బండిని నిలబెట్టి, చుట్టూ రంగు లైట్లు వేస్తాడట. బరువు తగ్గడానికి ఇంజను తీసేస్తాడట. ఆ మాట విన్నప్పటి నుంచి హెన్రీకి నిద్ర పట్టలేదు. తాను పోయాక చూసుకునేవాళ్లు లేకపోతే బండి తుప్పుపట్టి పోతుంది. ఇచ్చేస్తే ఇంజను లేకుండా కొండగుర్తులా నిలబడుతుంది. మూడో దారి ఒక్కటే. నెలకు ఒకసారి చేయాల్సిన ఇంజను పని రాహేలమ్మ చేతికి రావాలి. అందుకే నిన్న వీధిలో ఉండే పెద్ద ఈరన్నను పిలిచి, వెనక చక్రాలు రెండూ తీయించి, బండిని నాపరాయి తునకల దొంతుల మీద నిలబెట్టించాడు.

"రాహేలూ, ఇట్ల రా. ఎండ ఎక్కితే పనికిరాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడల్ల."

"నేను రాను. నాకెందుకు అదంతా?"

"నేను కిందికి వంగలేను గదా మే."

వంగలేను అన్న మాట ఆయన ఎప్పుడూ అనలేదు. రాహేలమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. చక్రం తీసిన ఖాళీలో గోనెసంచి వేసుకుని కూర్చుంది.

హెన్రీ బండి వెనక ముక్కాలిపీట మీద కూర్చుని, పానాతో ఇంజనును కొంచెం కొంచెంగా తిప్పాడు. కప్పీ మీది గీత సరైన చోటుకు వచ్చినాక ఆపాడు. కింద తీగ కొక్కెం జరిపితే మూత ఊడివచ్చింది. లోపల రెండు సిలిండర్లకు చెందిన నాలుగు వాల్వులు, వాటిని తొక్కే ఇనుప వేళ్లు. అవతలి పక్క ఇంకో నాలుగు. ఒక సన్నటి ఉక్కు రేకు ఆమెకు అందించాడు.

"ఆ యేలికీ వాల్వుకూ నడుమ ఈ రేకు పోవల్ల. వదులుగా పోగూడదు. బిగుసుకోనూ గూడదు. నీ మిషన్లో పైదారం చూస్తావు గదా, లాగితే రావల్ల, కానీ ఊరికే రాగూడదు. అట్ల."

రాహేలమ్మ నలభై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. రేకును దూర్చి, లాగింది. స్క్రూ వెంట్రుకవాసి తిప్పింది. మళ్లీ లాగింది.

"ఇది సరిపోయినాది."

"చూడకుండానే చెప్తాండావే?"

"కండ్లతో చూసేదా ఇది?"

హెన్రీ నవ్వబోయాడు. నవ్వు దగ్గుగా మారింది. చాలాసేపు దగ్గాడు. ఆమె రేకు పట్టుకుని ఆగింది. వీపు నిమరడానికి లేవలేదు. లేస్తే ఆయనకు కోపం వస్తుంది. దగ్గు తగ్గినాక ఆయన పానా పట్టుకుని ఇంజనును సగం చుట్టు వెనక్కి తిప్పాడు. రెండో సిలిండరుకు పోయారు. తర్వాత అవతలి పక్కకు మారారు.

"మూడోది జాగర్త. ఎప్పుడూ అదే బిగుసుకుంటాది. దానికి గాలి తక్కువ."

"నీ మాదిరే."

ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపాడు. ఎండ అప్పుడే ప్రహరీగోడ మీదికి వచ్చింది. ఆమె నుదుటి చెమటను మోచేత్తో తుడుచుకుంది. మూడోది నిజంగానే బిగుసుకుని ఉంది. రేకు దూరలేదు. స్క్రూ వదులు చేస్తూ, తల ఎత్తకుండా, మామూలు మాట అన్నట్టు అంది.

"ఆ పొద్దు నీళ్లు పోసింది నేనే."

హెన్రీ పానా మీది చెయ్యి తీయలేదు.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మే నెల. నొప్పులు మొదలైన రాహేలమ్మను వెనక సీట్లో పడుకోబెట్టుకుని నంద్యాల ఆసుపత్రికి బయలుదేరాడు. పాణ్యం ఇంకా రాకముందే, మిట్ట మధ్యాహ్నం ఎండలో బండి నిలిచిపోయింది. వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోవడం అంతే. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే చాలు. ముందర డిక్కీ తెరిచి గుడ్డ తీసుకుని, దాన్ని మూయకుండానే, క్యానులోని తాగేనీళ్లు ఆమెకు వదిలి, చేను అవతలి బోరు దగ్గరికి పరుగెత్తాడు. తిరిగి వచ్చి, గుడ్డ చుట్టి, ఆగి, స్టార్టు చేస్తే ఫర్లాంగు నడిచి మళ్లీ ఆగింది. ఇక లేవలేదు. గంటన్నర తర్వాత ఒక లారీ ఆగింది. ఆసుపత్రిలో పుట్టిన మగబిడ్డ ఏడవలేదు. మర్నాడు బండిని తాడు కట్టి ఇంటికి లాగించుకుని వచ్చి, పెట్రోలు ట్యాంకు దించి చూస్తే అడుగున నీళ్లు. వెంట తెచ్చుకున్న తాగేనీళ్ల క్యాను ఆ రోజు ఎందుకు ఖాళీ అయిందో ఆయనకు అప్పుడు తెలిసింది. ఎండలో ఆగిన ప్రతి బస్సుకూ, ప్రతి లారీకీ ముందర మూత తీసి నీళ్లు పోయడం చూస్తూ పెరిగిన మనిషి ఆమె. గాలితోనే చల్లబడే ఈ బండికి నీళ్లతో పని లేదని, ముందర ఉన్నది పెట్రోలు మూత అని ఆమెకు ఎవరు చెప్పారు? తానే చెప్పలేదు.

పంపు చెడిపోయిందని అందరికీ చెప్పాడు. ముసలి డొక్కును నమ్ముకుని బిడ్డను పోగొట్టుకున్నాడని అత్తవారు తిట్టారు. చర్చి మెట్ల మీద పెద్దలు మొహం మీదే అన్నారు. పడ్డాడు.

"నీకెప్పుడు తెల్సు?" అన్నాడు.

"రెండేండ్లకు. నువ్వు ఇంటి ముందర క్యానుతో పెట్రోలు పోస్తాంటే చూసినా. అదే మూత." స్క్రూ తిప్పుతూ చెప్పింది. "ఆ పొద్దు వాసన వచ్చిందయ్యా. నొప్పుల్లో తెలీలేదు. నువ్వు దాహంతో వస్తావని కొంచెం మిగిలిచ్చినా, మళ్లా బండికే పోసేస్తి. బండి లేస్తే సాలనుకుంటి."

"మరి ఎక్కవేమి అని అడిగినప్పుడల్లా..."

"ఏ మొగం పెట్టుకోని ఎక్కేది?"

ఇంత కాలం ఆమె బండిని అసహ్యించుకుంటోందనే ఆయన అనుకున్నాడు. అందుకే రంగు వేయించినా, సీట్లు మార్చినా, లైట్లు తెల్లగా వెలిగించినా ఆమెను పిలిచి చూపించలేదు. బయటి నుంచి రొట్టెలమ్మేవాడి గంట వినిపించింది. అది వీధి మలుపు తిరిగేదాకా ఆమె రేకును కొంగుతో తుడుస్తూ ఉంది.

"అది మన తప్పు గాదులే మే," అన్నాడు చివరికి. "రేకు పెట్టి చూడు."

పెట్టింది. లాగింది. వచ్చింది, కానీ ఊరికే రాలేదు.

నాలుగోది కూడా అయ్యాక ఆమె మూతలు రెండూ బిగించింది. తీగ కొక్కెం చప్పుడుతో పడింది. హెన్రీ ఆ చప్పుడు విని తల ఊపాడు. ఇక గిన్నె ఎక్కించి, స్టార్టు చేసి వినాలి. సరిగా పెట్టారో లేదో శబ్దమే చెబుతుంది.

"కాసేపు కూర్చుంటా. నువ్వు చేతులు కడుక్కోని రా. గిన్నె నీ చేతనే ఎక్కిస్తా. తాళం గూడా నువ్వే తిప్పల్ల."

"సరే. రాగి జావ తెస్తా, తాగు ముందు."

ఆయన గోడ పట్టుకుని, బండి పట్టుకుని, ముందర ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. డ్రైవరు సీటు ఖాళీగా వదిలాడు. తలుపు తెరిచే ఉంచాడు. రాహేలమ్మ సబ్బుపొడితో చేతులు రుద్దుకుంది. గోళ్లలో నలుపు పోలేదు. జావలో మజ్జిగ కలిపి, ఉప్పు చూసి, గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆయన తల సీటుకు ఆనించి, వింటున్నట్టుగా కొంచెం పక్కకు వంచి ఉన్నాడు. ఎగపోత వినిపించలేదు. ఎన్నేళ్ల తర్వాతో ఆ ఇంట్లో అది వినిపించలేదు.

ఆమె గ్లాసును నేల మీద పెట్టింది. బండి ముందునుంచి తిరిగి వచ్చి, డ్రైవరు వైపు తలుపు తీసి, లోపల కూర్చుంది. ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. వీధిలోకి కేక వేయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నానికి పాటల పుస్తకాలతో సంఘం వాళ్లు వచ్చారు. స్నానం చేయించడానికి పెద్ద ఈరన్న బిందెతో నీళ్లు తెచ్చి, చోటు కనబడక బండి ముందర డిక్కీ మూత మీద ఆనించి పట్టుకున్నాడు.

"దాని మీద పెట్టొద్దు ఈరన్నా."

"శవం కాడ బండి గురించి ఏందమ్మా? బిడ్డను మింగిన..." నోరు జారిన మాటను ఈరన్న మింగబోయాడు.

"బండి మింగలేదు," అంది రాహేలమ్మ. గొంతు పెంచలేదు, కానీ పాట ఆగింది. "అది నీళ్లు అడిగే బండి గాదు. తెలీక నేను పోసినా, పెట్రోల్లో. ఆయప్పకు తెల్సు. తెల్సీ మీ అందరి చేతా అనిపించుకున్యాడు."

ఈరన్న బిందెను రెండు చేతులా ఎత్తి కింద పెట్టాడు. కొంతసేపటికి పాట మళ్లీ మొదలైంది.

నాలుగు గంటలకు వసంతకుమార్ క్రేను బండితో వచ్చి, జనాన్ని చూసి, క్రేనును వీధి చివరనే ఆపించాడు. చెప్పులు విడిచి వచ్చి నమస్కారం పెట్టి, వెళ్లబోతూ మెల్లగా అడిగాడు.

"తొందరేం లేదమ్మా. దినాలు అయినాకే వస్తా."

"రావద్దప్పా. అమ్మేది లేదు."

"నడిపేటోళ్లు లేరు గదమ్మా."

"వాల్వులు నేను పెట్టినా. నడిపేది గూడా నేర్చుకుంటా."

అతను ఆమె చేతుల వైపు చూశాడు. గోళ్లలో నలుపు చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున సమాధుల దొడ్డి నుంచి అందరూ వచ్చి, అందరూ పోయాక, రాహేలమ్మ గిన్నె దగ్గరికి వచ్చింది. మూత లేని ఆయిలు మీద అప్పటికే తెల్లటి పొర తేలి ఉంది. పారబోసి, కడిగి, గీత దాకా కొత్తది పోసింది. రెండు చేతులతో పట్టుకుని ఇంజను దగ్గరికి తీసుకుపోయింది. గిన్నె ఎక్కించాలంటే ముందు తువ్వాలు తీయాలి. గిన్నెను పక్కన పెట్టి, ముడి మీద వేళ్లు పెట్టింది. లాగలేదు.

కార్బొరేటరు మూతికి నాలుగు మడతల తువ్వాలు, దుమ్ము పట్టి తెల్లబడుతూ, హెన్రీ వేసిన ముడితో అలాగే ఉంది.