లోపల ఒక్కరే

నేను ఊడ్చి పారేసే వెంట్రుకల్లో సగం అత్తవారివే. చైనీస్ కొత్త సంవత్సరం దగ్గరపడితే చాలు, సింగపూర్ తో పాయోలోని మా ఫ్లాటుకి అత్తగారు, ఆడపడుచు బీ లియాన్, ఆవిడ పిల్లలు, మరుదులు అందరూ దిగుతారు. క్షవరం ఉచితం, రంగు ఉచితం, పైగా భోజనం. నాకు నాలుగు డబ్బులొచ్చే సీజన్ అదే, ఆ సీజన్‌లో కుర్చీ మాత్రం వాళ్లది. "మనవాళ్ల దగ్గర డబ్బులేంటి, సిగ్గులేకుండా" అని మా ఆయన కోక్ వెంగ్ ముందే నా నోరు కట్టేస్తాడు. "ఇంట్లో కూర్చుని కత్తెర ఆడించడానికే ఇంత మిడిసిపాటా?" అంటారు అత్తగారు, అదీ నా కత్తెర కింద తల పెట్టి.

ఈసారి కింది అంతస్తాయన ఫిర్యాదు చేశాడు. హౌసింగ్ ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి ఫోన్‌లో ఫోటో చూపించింది. మా వరండాలో స్టూళ్లేసుకుని ఐదుగురు.

"ఇంట్లో పని చేసుకోండి ఆంటీ, కాదనం. కానీ జనం గుమిగూడకూడదు. లోపల ఒక్కరే ఉండాలి, బయట ఎవరూ కాచుకోకూడదు. మళ్లీ ఫిర్యాదొస్తే ఆపేయించాల్సిందే."

ఆ ఫోటోలో అందరూ అత్తవారే, డబ్బిచ్చే మనిషి ఒక్కరూ లేరు. ఆ మాట చెప్పబోయేలోపే మా ఆయన నవ్వేశాడు. "వ్యాపారమేంటమ్మా! పొద్దుపోక ఏదో చేస్తుంది." మా అమ్మాయి చదువంతా ఆ కత్తెర మీదే నడుస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

పండగ ముందు రోజు అత్తగారు కుర్చీలో ఉన్నారు. ఒక పక్క జుట్టు పొట్టిగా కత్తిరించాను, రెండో పక్క భుజాల మీదే ఉంది. బెల్ మోగింది. డబ్బిచ్చి చేయించుకునే మిసెస్ చోంగ్, వారం ముందే టైమ్ తీసుకుంది.

"బయట నుంచోమను" అన్నారు అత్తగారు.

నేను ఆవిడ మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పేశాను. "లేవండత్తయ్యా. లోపల ఒక్కరే ఉండాలి."

"ఇలాగా? సగం తలతోనా?"

"స్యూ హోంగ్! అమ్మనే లేపుతావా?" మా ఆయన అరిచాడు.

నాకు జాలేస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూశాను. వేయలేదు. ఆవిడ చెప్పులు గుమ్మం బయట పెట్టాను.

"ఇవాళ సాయంత్రం దాకా ఖాళీ లేదు. రేపు పండగనాడు కత్తెర ముట్టుకుంటే ఇంటి అదృష్టం తెగిపోతుందని నేర్పింది మీరే కదా. పదిహేను రోజుల పండగంతా అయ్యాక రండి. డబ్బులు తెచ్చుకోండి."