శివరాం రోడ్డు

పదో తరగతి గట్టెక్కని శివరాంకు వచ్చే జీతంలో సగమైనా, మెడలో కార్డు వేలాడేసుకుని అంధేరీ కంపెనీకి పోయే తన అల్లుడికి రాదని కింది అంతస్తు సీమా ఏడ్చిందట. ఏటేటా సర్కారోళ్ళకు పెరుగుడే గాని ప్రైవేటోళ్ళకు ఎదుగూ బొదుగూ లేదని వాపోయిందట. అంతటితో ఊరుకోక, "ఆ సంధ్యకేంది, కాలు మీద కాలేసుకుని సర్కారీ జీతం తింటది" అందట. కింద నల్లా దగ్గర సీమా అన్న ఈ మాటల్ని పక్కింటి సారిక రెండో అంతస్తు దాకా మోసుకొచ్చి, నాలుగు కలిపి మరీ చెప్పింది.

శివరాం భార్య సంధ్య అప్పుడే గల్లీ ఊడ్చి వచ్చి, కాళ్ళు కడుక్కుంటోంది. వింటూనే రెండో కాలు రుద్దుకుంది.

సీమాకు తెలియక కాదు. వరస గదుల ఆ చాలీలో అందరికీ తెలిసిన సంగతే. తెల్లారేసరికి శివరాం మున్సిపాలిటీ సఫాయి చౌకీకి పోతాడు, హాజరీ మిషను మీద బొటనవేలు పెడతాడు, వచ్చి మళ్ళీ ముసుగు తన్నుతాడు. అతని వంతు కామాటిపురా గల్లీ ఊడ్చేది సంధ్య. పని చూసే ముకాదం చూసీ చూడనట్టు పోతాడు. పండగకు అతని సీసా అతనికి ముడుతుంది. ఇలాంటి ఇళ్ళు ఆ చాలీలో ఇంకా ఉన్నాయి. ఆడది చేసేదాన్ని అక్కడ ఎవరూ కొలువనరు, మొగుడికి ఆసరా అంటారు.

మొదట్లో శివరాం నడుము పట్టేసిందని, "నాలుగు రోజులు నువ్వు పోయి రాయే" అన్నాడు. అప్పట్లో ఆమె ధారావిలో సంచులు కుట్టే కార్ఖానాకు పోయేది. శనివారం శనివారం కూలి చేతిలో పడేది. ఆ సాయంత్రం దాదర్‌లో దిగి, నిలబడి ఒక గ్లాసు చెరుకురసం తాగి, మూతి తుడుచుకుని మళ్ళీ గ్రాంట్ రోడ్ బండెక్కేది. ఆ గ్లాసు సంగతి ఇప్పటికీ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాలుగు రోజులు నెలయ్యాయి. అత్త లక్ష్మవ్వ పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. "ప్రైవేటోడిచ్చే చిల్లర కోసం సర్కారీ కొలువు పోగొట్టుకుంటమా? ఆ మిషను పని బంజెయ్యి బిడ్డా." కోడలా అని ఉంటే ఎదురు చెప్పేదేమో, బిడ్డా అంది. సంధ్య మానేసింది. ఆ తర్వాత శివరాం జీతం పెరుగుతూనే పోయింది. పెరిగినప్పుడల్లా ఇంటికి పేడాల మిఠాయి డబ్బా వచ్చేది, దాన్ని బట్టే ఆమెకు తెలిసేది. చెప్పులరిగాయంటే మాత్రం, "మొన్ననే గదా కొన్నది, తింటున్నవా ఏంది?" అనేవాడు. వానల్లో ఇచ్చే రబ్బరు బూట్లు అతని కొలతవి. ముందు భాగంలో పాత జాకెట్ల గుడ్డలు కుక్కి తొడుక్కునేది.

గల్లీలో గడప మీద కూర్చుని పళ్ళు తోముకునే సాయమ్మ, పాలమూరు వైపు నుంచి వచ్చి అక్కడి ఒళ్ళమ్ముకునే ఇళ్ళలో పడ్డ మనిషి, ఒకసారి అడిగింది.

"నీకెంతిస్తరక్కా?"

"మా ఆయన జీతమే గదా. నాకు వేరే ఎందుకిస్తరు?"

సాయమ్మ నవ్వలేదు. "మాకు వచ్చినదాంట్ల సగమే ఇస్తరక్కా. గాని చేతికిస్తరు."

ఆ పూట సంధ్య ఆ గడప ముందు ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

ఇప్పుడు శివరాంకు షుగరు ముదిరి కాలికి పుండు పడింది. పనికి పనికిరాడని డాక్టర్ రాసిచ్చాడు. కొలువు వారసుడికని కొడుకు ప్రథమేశ్ పేరు మీదికి వస్తోంది. ఆ కబురు ఖాయమైన వారం సంధ్య ఎవరికీ చెప్పకుండా ధారావి పోయింది. కార్ఖానా అదే. సేటు కొడుకు సేటయ్యాడు. సంచి మీద కూలి మాత్రం దాదాపు ఆమె వదిలిపోయిన చోటే నిలబడి ఉంది. మిషను ముందు కూర్చుంటే సూది బెజ్జం కళ్ళకు ఆనలేదు. "దారాలు కత్తిరించే పనుంది మావ్‌షీ, సోమవారం రా" అన్నాడు సేటు. అప్పట్లో వాడు ఆమెను దీదీ అని పిలిచేవాడు, ఇప్పుడు పిన్నిని చేశాడు.

అదే రోజు మధ్యాహ్నం చౌకీలో శివరాంకు వీడ్కోలని దండ వేసి శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు. సాహెబు మైకు పట్టుకుని, ఇన్నేళ్ళలో ఆ గల్లీ మీద ఒక్క ఫిర్యాదు రాలేదన్నాడు. "శివరాం రోడ్డంటే అద్దం!" అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడి సంధ్య కూడా కొట్టింది.

సాయంత్రం ఇంట్లో పేడాలు పంచుతుంటే, ప్రథమేశ్ ఫోన్లోంచి తలెత్తకుండానే తాను చీపురు పట్టేది లేదని మరాఠీలో తేల్చేశాడు.

"నిన్ను పట్టమన్నదెవడ్రా?" శివరాం మెడలో దండ ఇంకా తియ్యలేదు. "మిషను మీద అంగూఠా పెట్టి కాలేజీకి పో. ఊడ్వనీకి మీ ఆయీ ఉంది గదా!"

"దానికేంది, చెయ్యి తిరిగిన పని" అంది లక్ష్మవ్వ. అందరూ నవ్వారు.

సంధ్య మూలనున్న రబ్బరు బూట్లు తీసి, లోపలి గుడ్డలు ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టింది. బూట్లు తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

"నేను సోమారం కెల్లి ధారావి పోతున్న. సంచుల పనికి."

"పిచ్చి లేసిందా?" శివరాం నోట్లో పేడా అలాగే ఉంది. "ఆ ప్రైవేటు సేటు ఎంతిస్తడే నీకు? సర్కారీ జీతంల పావలా వంతు గూడ రాదు!"

"ఎంతొస్తే అంత నా చేతికొస్తది. ఇన్నేండ్ల సర్కారీ జీతంల నా చేతికెంత వచ్చిందో చెప్పు."