మామగారి బంగారు కుళాయి

నీటిలోని సూక్ష్మజీవుల మీద పరిశోధనకు మా విభాగంలో ఈసారి ఒక్కటే సీటు. పోటీలో మిగిలింది ఇద్దరం: నేనూ, ప్రొఫెసరుగారి అల్లుడూ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. ఈ మహానుభావుడు ఆకైనా వేసుకోకుండా కూర్చున్నాడు. నాకు మాత్రం ఈ ఏడాదితో వయసు పరిమితి అయిపోతుంది. ఇక ఆ గుమ్మం తొక్కనివ్వరు.

పరీక్ష ఏమిటంటే, వరండాలోని తాగునీటి కుళాయి నీళ్ళలో క్రిములు ఎన్ని ఉన్నాయో పెంచి చూపించాలి. గాజు పళ్ళెంలో కాసిని నీళ్ళు వేసి, పైన అగర్ అనే కరిగించిన జిగురు పోయాలి. అది గోరువెచ్చగా ఉంటేనే క్రిములు బతికి చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. అల్లుడుగారు సీసా పొయ్యి మీంచి దించీ దించగానే, చేతికి గుడ్డ చుట్టుకుని, పొగలు కక్కుతుండగానే పోసేశాడు. అబ్బ, ఏం హడావిడి! పెళ్ళివారికి కాఫీ అందిస్తున్నట్టు.

క్రిములు పెరగడానికి పెట్టిన వెచ్చటి పెట్టెలోంచి పళ్ళేలు బయటికి తీసిన రోజున నాదాంట్లో ఇసకేస్తే రాలనన్ని చుక్కలు. అల్లుడిది అద్దంలా ఉంది.

"శుభ్రమైన చెయ్యంటే ఇదీ!" అన్నాడు ప్రొఫెసరు, పరీక్షకురాలిగా బయటినుంచి వచ్చిన మేడమ్‌తో. "ఈ అమ్మాయి చేతులు కడుక్కోకుండా చేసినట్టుంది. మా కుళాయికేమండీ, బంగారం!"

నాకు ఒళ్ళు మండింది.

"మరిగే పాలలో తోడేస్తే పెరుగవుతుందా సార్? ఆయన క్రిముల్ని పెంచలేదు, ఉడకబెట్టారు."

"వంటింటి కబుర్లు ఇక్కడెందుకమ్మా!"

ఛీ! తెలియక అన్నాడంటే జాలిపడేదాన్ని. తెలిసే అన్నాడు, అదీ నవ్వుతూ. అల్లుడి పేరు రాసిన కాగితం సంతకానికి మేడమ్ ముందుకు జరిపాడు.

నేను వరండాలోకి వెళ్ళి, ఆ కుళాయి నీళ్ళే గ్లాసు నిండా పట్టుకొచ్చి అల్లుడి ముందు పెట్టాను.

"కంగ్రాట్స్ అండీ. మీ బంగారు కుళాయివే. గొంతు తడుపుకోండి."

పాపం, వెర్రిబాగులవాడు. గ్లాసెత్తి నోటిదాకా తెచ్చాడు.

"వద్దల్లుడూ, తాగకు!"

ప్రొఫెసరు కుర్చీలోంచి ఎగిరి గ్లాసు పట్టుకున్నాడు. సగం నీళ్ళు ఆయన చొక్కా మీదే ఒలికాయి.

మేడమ్ కలానికి మూత పెట్టింది.

"ఎందుకు వద్దండీ?"

అల్లుడు మామ వంక చూశాడు. మామ తడిసిన చొక్కా దులుపుకోసాగాడు. ఆ మొహంలో అంతకుముందటి నవ్వు లేదు.

"నువ్వెప్పుడు చేరతావమ్మా?" అని మేడమ్ నన్నడిగింది.

"ఇవాళే మేడమ్," అని, ప్రొఫెసరు చేతిలోని గ్లాసు తీసుకుని సింకులో పారబోశాను.