ఆవిడ ఏం తినేదో

చచ్చి రెండు వేల ఏళ్ళయిన ఆడదాన్ని చూసి కుళ్ళుకుంటున్నానని నవ్వుకుంటే నవ్వుకోండి. మా ఇంట్లో ఓ వారం ఉంటే మీకూ తెలిసొచ్చేది.

ఎనభై మూడులో స్టీల్ ప్లాంటు పనులకని సబ్బవరం అవతల మట్టి తవ్వుతుంటే పాత సమాధి బయటపడింది. అందులో ఓ మగమనిషి, ఓ ఆడమనిషి, పక్కపక్కనే. ఆ ఎముకలు మా ఆయన చేతికొచ్చాయి. మా ఆయన త్రినాథరావు గారు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. ఎముకని పొడి చేసి పరీక్షిస్తే, బతికున్నప్పుడు ఆ మనిషి ఏం తినేదో తెలుస్తుందట.

ఇక చూడండి, కంచరపాలెంలో మా రెండు గదుల వాటా నిండా ఆవిడే. "ఆవిడ పళ్ళు చూడాలి గౌరీ, ఎలా అరిగిపోయాయో!" అంటారు. "ఆవిడ చోళ్ళు తినేదో, వరి తినేదో" అనుకుంటూ కాఫీ చల్లార్చుకుంటారు. నేను పన్ను పీకించుకొచ్చిన రోజున ఏమైనా తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట వినలేదు. ఒళ్ళు మండదా మరి?

"ఏటండీ, అంత అందంగా ఉంటాదేటి మీ ఆవిడ?" అన్నానోసారి.

"ఎక్కడ, పుర్రె సగమే దొరికింది," అన్నారు దిగులుగా. వెక్కిరింపు కూడా అర్థం కాని మనిషితో ఏం దెబ్బలాడతాం!

ఆ ఆదివారం కోడికూర వండాను. పిల్లలకీ ఆయనకీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన ఇగురులో నేను అన్నం కలుపుకున్నాను. ఆయన ముద్ద ఎత్తడం మానేసి కూర్చున్నారు.

"రిజల్ట్ వచ్చింది గౌరీ. మగాడి ఎముకలో మాంసం తిన్న గుర్తులు బాగా ఉన్నాయి. ఆవిడ ఎముకలో లేవు. అంతా గింజలూ ఆకులే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి అయితే ఇలా ఎందుకొస్తుంది? పొరపాటేమోనని మళ్ళీ చేశాను. అదే వచ్చింది."

"పొరపాటేటండీ? వండింది ఆవిడ. అందరికీ పెట్టి ఆకర్న తింది. ఇంక ముక్కలెక్కడుంటాయి?"

ఆయన కళ్ళు చెమర్చాయి. ఒట్టు, నా కళ్ళతో చూశాను. "అయ్యో, పాపం ఆవిడ!" అన్నారు.

ఆవిడా పాపం! నా కంచం ఆయన మోకాలి పక్కనే ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి చాచి ఆయన కంచంలోంచి కోడికాలు లాగేసుకున్నాను.

"అదేంటి గౌరీ?" అని బిత్తరపోయారు.

"రేపు నా బొమికలు పొడుం సేసినోడికి ఇదైనా కనపడాల గదండీ," అన్నాను నములుతూ.