నంద్యాల యవ్వారం

ఆళ్లగడ్డ పెద్ద బజారులో అనంతయ్యది స్టీలు సామాన్ల అంగడి. భార్య పోయి నాలుగేళ్లయింది. పెళ్లి నిలవక పుట్టింటికి వచ్చేసిన కూతురు వాసవి తండ్రికి తోడుగా అంగట్లో కూర్చుంటోంది. పక్క అంగడివాళ్లతో ఉన్న గోడ తగాదా నంద్యాల కోర్టుకెక్కడంతో, శుక్రవారం వచ్చిందంటే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని "నంద్యాలలో యవ్వారముంది, పోయొస్తా" అని బస్సెక్కేవాడు.

ఒకరోజు బిందె కొనడానికి వచ్చిన కొండమ్మ, సొట్టలున్నాయేమోనని దాన్ని తిప్పి తిప్పి చూస్తూ, "మీ నాయన నంద్యాల యవ్వారం యాడిదాకా వచ్చింది పాపా?" అంది.

"ఇంగా వాయిదాలే పెద్దమ్మా. గోడ యవ్వారం బేగా తెగుతాదా?"

కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేనడిగేది గోడ యవ్వారం గాదులే" అని బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నవ్వు వాసవికి అన్నం సయించనివ్వలేదు. యవ్వారం! పొలం గట్టు తగాదాకూ అదే మాట, పంచాయితీకీ అదే, అంగట్లో బేరానికీ అదే. ఆడా మగా మధ్య నడిచేదానికీ అదే, కాకపోతే గొంతు కాస్త తగ్గించి అంటారు. కాలేజీ రోజుల్లో వెలుగోడు రెడ్ల అబ్బాయి పవన్‌తో ఆమె మాట్లాడుతోందని తెలిసినప్పుడు తండ్రి వాడిందీ ఆ మాటే. "ప్రేమా గీమా అనొద్దు. దీన్ని యవ్వారమంటారు." వెంటనే సంబంధాలు చూడటం మొదలుపెట్టాడు.

ఇప్పుడు తండ్రి చేసే ప్రతి పనీ ఆమెకు కంట్లో నలుసయింది. మీసానికి రంగెప్పుడు మొదలుపెట్టాడు? ఫోను మోగితే గోడౌన్‌లోకెందుకు పోతాడు? కోర్టుకు పోయొచ్చిన మనిషి సంచిలో మల్లెపూల వాసనేమిటి? ఆదివారం ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోను మోగింది. తెర మీద 'గోడ లాయరు' అని ఉంది. వాసవి ఎత్తింది.

"బీపీ బిళ్ల ఏసుకున్న్యావా?" అంది ఆడగొంతు.

"ఎవరు మాట్లాడేది?" అంది వాసవి. అవతల పెట్టేశారు.

అసలు లాయరు రాజశేఖర్‌కు ఫోన్ చేస్తే ఆయన ఆశ్చర్యపోయాడు. "ఆ కేసు ఎండాకాలంలోనే రాజీ అయిపాయ గదమ్మా! నాయన చెప్పల్యా?"

ఇంతకాలం తండ్రి అబద్ధం కూడా చెప్పలేదు. యవ్వారమనే చెప్పాడు, ఏ యవ్వారమో తాను అడగలేదు.

శుక్రవారం అహోబిలం పోతున్నానని చెప్పి, తండ్రికన్నా ముందే నంద్యాల బస్సెక్కింది. బస్టాండులో తలకు చున్నీ చుట్టుకుని పళ్ల బండి చాటున నిలబడింది. ఆయన దిగాడు, మల్లెపూలు కొన్నాడు, ఆటో ఎక్కాడు. ఆమె ఇంకో ఆటోలో వెంబడించింది. నూనెపల్లెలో ఒక చిన్న ఇంటి ముందు ఆయన దిగి లోపలికి పోయాడు. వాసవి సందు మొదట్లో నిలబడి చాలాసేపు తటపటాయించి, చివరికి గడప దాటింది.

అనంతయ్య బనీనుతో నేల మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు. ఇంట్లో గ్లాసుడు నీళ్లు కూడా ముంచుకోని మనిషి!

"ఏందీ యవ్వారం నాయనా?"

ఆయన ఒళ్లోని కాయలన్నీ కింద పడ్డాయి. "ఆ మాటనొద్దు వాసవీ. ఈయమ్మ మర్యాదస్తురాలు."

"నన్ను అన్న్యప్పుడు నేను మర్యాదస్తురాల్ని గాదా?"

ఆయన కింద పడ్డ కాయలు ఏరసాగాడు. వంటింట్లోంచి యాభై ఏళ్ల మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వాసవి గుర్తుపట్టింది. రెండేళ్ల కిందట కూతురి పెళ్లి సామాన్ల కోసం అంగడికి వచ్చిన రైతుల ఇంటావిడ, వాణి. భర్త లేడు.

"కూర్చో పాపా" అంది.

వాసవి కూర్చోలేదు. "మా నాయనతో నీకేం గావాల?"

"శుక్రవారం ఒక్కటే గాదు, మిగతా దినాలు గూడా గావాల" అంది వాణి తొణక్కుండా. "రిజిస్టరు పెండ్లి చేసుకుందామని నేను అడగతానే ఉండా. నీకు చెప్పాలంటే ఈయప్పకు భయం."

తనంటే తండ్రికి భయమా? వాసవి గిరుక్కున వెనక్కి తిరిగింది. గడప దాటి బయటికి నడిచింది. అనంతయ్య చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటూ వెంట వచ్చాడు.

బస్సు నంద్యాల దాటాక, పక్క సీట్లోంచి ఆయన అన్నాడు. "నువ్వొద్దంటే మానుకుంటా."

వాసవి కిటికీలోంచి ముఖం తిప్పి ఆయన్ను పరీక్షగా చూసింది. "నేను వద్దనాలనే జూస్తాండావా? నా పేరు చెప్పి ఆమె దగ్గర తప్పుకుందామనా?"

ఆయన చేతిలోని టికెట్టును మడతలు పెట్టసాగాడు. తన మాట నిజమేనని ఆమెకు తెలిసిపోయింది.

"సోమవారం ఆమెను అంగడికి పిల్చుకోని రా. ఆటోలో గాదు, బజార్లో నడ్చుకుంటా రండి."

సోమవారం పొద్దున ఆయన నంద్యాల బస్సెక్కినా, తీసుకొస్తాడని ఆమెకు నమ్మకం లేదు. ఎండ నడినెత్తికి వచ్చాక ఇద్దరూ బజారు మలుపు తిరిగారు. అంగళ్లలోని తలలన్నీ అటు తిరిగాయి. అనంతయ్య వాణి ఎవరో ఎరగనట్టు గబగబా ముందు నడుస్తున్నాడు. వెనక ఆమె ఒక్కతే, చేతిలో సంచితో.

వాసవి అంగడి మెట్లు దిగింది. తండ్రిని దాటుకుని పోయి, వాణి చేతిలోని సంచి అందుకుని, ఆమె పక్కన నడిచింది.