నాలుగో బుక్‌మార్కు

విక్టర్ బ్యాగు సర్దుతోంది షీబా. హైదరాబాదులో ఇన్సూరెన్స్ ఏజెంట్లకు ఏవో తరగతులట, మొగుడు నాలుగు రోజులు ఊళ్ళో ఉండడు. బూట్లు గుడ్డలో చుట్టి అడుగున, ఇస్త్రీ చొక్కాలు నలగకుండా పైన, బైబిలు పక్క జేబులో. అంతలో ముందు గదిలోంచి కేక.

"ఒసే షీబా! నా మెయిల్ తెరుచుకోడం నేదు. ఏటి సేసినావు?"

ఆమె ఏమీ చేయలేదు. ఊరెళ్ళేటప్పుడు అన్నీ మూసెయ్యాలని ఎవరో చెబితే, కంప్యూటర్లో ఇంటిల్లిపాది మెయిళ్ళూ ఒక్క నొక్కుతో లాగౌట్ చేసింది అతనే. ఇప్పుడు పాస్‌వర్డు గుర్తు లేదు. షీబా బ్యాగు వదిలి, పొయ్యి మీది పోపు దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ముందు తన మెయిలు తెరిచింది. ఎవరి పాస్‌వర్డు పోయినా కోడ్ వచ్చేది ఆమె మెయిలుకే. ఆమెకంటూ ఒక మెయిలు ఉండడానికి ఆ ఇంట్లో ఒప్పుకున్నదే అందుకు. కోడ్ చూసి విక్టర్‌ది తెరిచింది, తరవాత వైజాగులో ఉండే మరిది సంజయ్‌ది, ఆఖరున మామగారు కృపానిధిది.

"రైలుకి టైమైపోతంది. కూకుని సూస్తావేటి, టిఫిన్ ఎట్టు."

అతను తిని చీపురుపల్లి స్టేషనుకు వెళ్ళాక ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంది.

బ్రౌజరు పైన వరసగా నాలుగు బుక్‌మార్కులు. పెళ్ళయిన ఏడాదే ఆమె పెట్టింది. మొదటిది విక్టర్, రెండోది మామయ్య, మూడోది సంజయ్. పాలసీదారులకు గుర్తుచేసేదీ, సంఘం కార్యదర్శిగా మామగారు పంపాల్సిన ప్రార్థన కూడికల కబుర్లు కొట్టేదీ, సంజయ్ కరెంటు బిల్లు కట్టేదీ ఆమే. "పిల్లా జెల్లా నేరు, నీకు కాపోతే ఎవులికి కుదురుతాది?" అన్నారు మామగారు ఒకసారి, మెచ్చుకున్నట్టే. తనకు ఖాళీ ఎక్కడుందో ఆమె చాలాకాలం వెతుక్కుంది. బియ్యేబియీడీ చదివి బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి, పొద్దున్నే ఎవరి మెయిల్లో ఎవరిలా మాట్లాడాలో గుర్తుచేసుకోవడంతోనే అలిసిపోయేది. మామయ్యది తెరిస్తే 'ప్రభువునందు ప్రియులారా' అనాలి. విక్టర్‌ది తెరిస్తే 'మీ శ్రేయోభిలాషి'. అంతా అయ్యాక విక్టర్ వచ్చి, "అంతసేపు బొమ్మలు సూస్తన్నావా?" అని నవ్వేవాడు.

నాలుగోదానికి పేరు పెట్టలేదు, ఒక చుక్క పెట్టింది. అది నొక్కితే ఉత్తరాల పెట్టె కాకుండా తిన్నగా కొత్త ఉత్తరం రాసే తెల్లకాగితం వస్తుంది. వెనక ఎవరు నడిచినా ఆమెకు వచ్చినవి కంటపడకూడదు.

పొద్దున కోడ్ కోసం తన మెయిలు తెరిచినప్పుడే, ఆమె పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు కనిపించింది. పాతపట్నం దగ్గర ఆడపిల్లల హాస్టలుకు వార్డెను కావాలన్నారు. గది ఇస్తారు, అక్కడే ఉండాలి. ఒంటరిగా ఉండగలరా, ఇవాళే చెప్పండి అని రాశారు. షీబా చుక్క మీద నొక్కింది. తెల్లకాగితం వచ్చింది. 'ఉండగలను. గురువారం వస్తాను. షీబా.' పంపేసి, గబుక్కున మూసేసి, కూర తరగడానికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం టీ తాగాక మామగారికి మెయిళ్ళు చదివి వినిపించడం ఆనవాయితీ. ఆయనకు చూపు ఆనదు. ఆమె కుర్చీ లాక్కునేలోపే ఆయన ఫోను మోగింది. సంజయ్. గది నిండా వినిపించే గొంతు.

"నాన్నా, వదినకి వార్డెను ఉజ్జోగమేటి? హాస్టలోళ్ళ జవాబు నీ మెయిల్‌కి వచ్చింది, నీ మెయిల్ నా ఫోన్లోనూ ఉంది కదా, చూసాను. ఉండగలనని నీ మెయిల్‌లోంచే రాసింది కూడాను!"

షీబాకు అప్పుడు తట్టింది. బుక్‌మార్కుకు మనిషి తెలియడు, మెయిళ్ళు తెరిచిన వరస నంబరే తెలుసు. ఎప్పుడూ ఆఖరున తెరిచే తన మెయిలు పొద్దున కోడ్ కోసం మొదట తెరిచింది. ఆఖరున తెరిచింది మామగారిది. నాలుగో నంబరు ఆయనదైపోయింది.

కృపానిధి అరవలేదు. "నువ్వెల్లిపోతే నా మెయిల్లెవులు సూస్తారే?" అన్నారు, నిజంగానే అర్థంకానట్టు. తరవాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "రానేనని రాసీ. నా ముందరే రాసీ."

ఆమె రాసింది. 'ఇంటి పరిస్థితుల వల్ల రాలేను.' చదవమన్నారు, చదివింది. పంపమన్నారు, పంపింది.

సాయంత్రానికి విక్టర్ ఫోను. "నాను వచ్చీదాకా ఆ కంప్యూటర్ ముట్టుకున్నావంటే సూడు! ఆగు, ఆగు. పాలసీ కాయితాలు రేపు ఆఫీసుకి పంపాల. అవి పంపీసి, అప్పుడు ముట్టుకోకు."

షీబాకు నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపు వచ్చింది. వంటింట్లో బియ్యం ఏరుతున్న అత్తగారు కాంతం తల ఎత్తలేదు.

"ఎల్దామనుకున్నావా?"

"అందరికీ చెప్పే వెళ్దామనుకున్నాను అత్తయ్యా."

"సెప్తే ఎల్లనేవు." కాంతం చేటలో రాళ్ళు ఒక పక్కకు తోసింది. "నాను పెళ్ళైన కాణ్ణుంచీ సెప్దామనే ఉన్నాను."

"ఎక్కడికి వెళ్దామనుకున్నారు?"

"మరిసిపోనాను." చేట ఒకసారి చెరిగి, "పప్పు మాడుతంది, సూడు," అంది.

మర్నాడు షీబా పాలసీ కాగితాలు పంపింది. మామగారి మెయిళ్ళు చదివి వినిపించింది. ఆయన పడుకున్నాక తన మెయిలు తెరిచి, పైన ఉన్న పేరు రెండుసార్లు చూసుకుని రాసింది. 'నిన్నటి రెండు ఉత్తరాల్లో మొదటిదే నా మాట. రేపు వస్తున్నాను.'

గురువారం తెల్లారి ఆమె పాతపట్నం వెళ్ళడానికి శ్రీకాకుళం బస్సెక్కింది. శనివారం విక్టర్ ఇంటికి తిరిగి వచ్చాడు. షీబా మళ్ళీ రాలేదు. అది రెండువేల పదమూడు, సెప్టెంబరు.