నీడ ఉన్న గ్యాలరీ

సున్నం డబ్బా అడుగున చిల్లు పెట్టి, దాన్ని కర్రకు కట్టి, నడుం వంచకుండా గీత పోసుకుంటూ వెళ్ళడం తాతాజీకి వచ్చిన పని. తాడు సాయం లేకుండా గీస్తానన్న గొప్పలు ఆయనకు లేవు. ఆ చివర ఒక మేకు, ఈ చివర ఒక మేకు పాతి, మధ్యన పురికొస బిగించి, దాని వెంటే నడుస్తాడు. ఆ రోజు పొద్దున అలాగే నడుస్తూ సగం గీత దగ్గరికి వచ్చేసరికి ఎడమ భుజం సలిపింది. డబ్బా కింద పెట్టి, చెయ్యి రెండుసార్లు విదిలించి, నేరమంతా టిఫినులో తిన్న మైసూరు బజ్జీల మీద వేసేశాడు. నూనె సరుకు పడదని అచ్చాయమ్మ బతికుండగా చెవినిల్లు కట్టుకుని పోరేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి బజ్జీలు నిర్భయంగా తింటున్నాడు, రుచి మాత్రం తెలియడం లేదు.

మనిషి పొట్టి. ఎండకు మాడిన నుదురు, సున్నానికి పగిలిన వేళ్ళు, పిక్కల దాకా మడిచిన ఖాకీ ప్యాంటు, భుజాన ఎర్రంచు తువ్వాలు. కుర్రతనంలో రేవుపాలెం ఫుట్‌బాల్ జట్టులో ఉండేవాడు. ఉండేవాడంటే బెంచీ మీద ఉండేవాడు. ఎవరి కాలైనా బెణికితే దింపుదామని కూర్చోబెట్టారు. ఆ ఊళ్ళో ఎవరి కాలూ సమయానికి బెణకలేదు. చివరికి ఆటగాడిగా కాకుండా పనివాడిగా గ్రౌండులోకి దిగాడు. గడ్డి కొయ్యడం, నీళ్ళు పెట్టడం, గీతలు పొయ్యడం, గ్యాలరీలు ఊడవడం. చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏమీ లేదు, అచ్చాయమ్మ తప్ప.

రామచంద్రపురం రోడ్డు దిగి కాలవ వంతెన దాటితే ఆ గ్రౌండు వస్తుంది. ఎప్పుడో ఒక రైసుమిల్లు ఆసామి తన తల్లి సంపూర్ణమ్మ పేరున ఇక్కడ కప్పు పోటీ పెట్టాడు. జిల్లా అంతా క్రికెట్ వెంట పడితే, ఈ చుట్టుపక్కల వాళ్ళకి మాత్రం ఫుట్‌బాల్ జాడ్యం అంటుకుంది. ఏటా శివరాత్రి వెళ్ళాక ఫైనల్. అది సమమైతే కప్పు చెరో ఆర్నెల్లు ఉంచుకోవడం ఇక్కడి రివాజు. ఎన్ని జట్లు వచ్చినా చివరికి మిగిలేవి రెండే: కాలవకి ఇవతల రేవుపాలెం, గోదావరి పాయకి అవతల కొబ్బరిలంక. తాతాజీది రేవుపాలెం. అచ్చాయమ్మ పుట్టిల్లు కొబ్బరిలంక. ఆ రెండూళ్ళ మధ్య వియ్యం అందని ఇల్లు వెతికినా దొరకదు.

గ్రౌండుకి పడమట పక్కపక్కనే మూడు సిమెంటు గ్యాలరీలు. మధ్యదానికి మాత్రమే రేకుల కప్పు ఉంది. నీడా అక్కడే, ఆట బాగా కనపడేదీ అక్కడే. ఒకప్పుడు ముందొచ్చినవాళ్ళు అందులో చేరేవాళ్ళు, ఏ ఊరని అడిగే నాథుడు లేడు. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్నట్టే తాతాజీ మూడో మెట్టు మీద తువ్వాలు పరిచేవాడు. అచ్చాయమ్మ వంట ముగించి, ఇంటికి తాళం వేసి, వేయించిన వేరుశనగకాయలు మూట కట్టుకుని ఆలస్యంగా వచ్చేది. తువ్వాలుకి ఇటు తాతాజీ, అటు ఆవిడ తమ్ముడు దొరబాబు. జనం ఎంత తోసుకున్నా ఆ జానెడు చోటు జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. గోదావరి జిల్లాల్లో తువ్వాలు వేసిన సీటంటే రిజిస్ట్రీ అయిన స్థలమే.

ఆవిడ మెట్టినూరి అన్నం తిని పుట్టినూరికి కేకలేసేది. రేవుపాలెం ఓడితే తాతాజీకి మాట పడిపోయేది. నిజంగానే పడిపోయేది. ఇంటికి వెళ్ళి, అన్నంలో మజ్జిగ పోసుకునేదాకా పలుకు ఉండేది కాదు. "మా బావకి మూత బిగుసుకుపోయిందక్కా, కాస్త నూనె రాయి," అని దొరబాబు ఏడిపించేవాడు.

నాలుగేళ్ళ కిందట ఒక పెనాల్టీ దగ్గర మాటా మాటా పెరిగి సోడా సీసాలు లేచాయి. ప్రాణాల మీదకు రాలేదు గానీ కమిటీ బెదిరిపోయింది. మరుసటి ఏటినుంచి ఆధార్ కార్డులో ఊరు చూసి టిక్కెట్టు ఇస్తున్నారు. ఉత్తరం గ్యాలరీ రేవుపాలానికి, దక్షిణం గ్యాలరీ కొబ్బరిలంకకి. గేట్లు వేరు, సోడా బళ్ళు వేరు. రెండు మూకల మధ్య ఎడం ఉండాలని నీడ ఉన్న గ్యాలరీని ఖాళీగా వదిలేశారు. దానికి ఇటూ అటూ తాళ్ళు కట్టే పని తాతాజీదే.

తాళ్ళు కట్టిన మొదటి ఏడు అచ్చాయమ్మ ఉత్తరం గ్యాలరీలో ఎండకి కొంగు కప్పుకుని కూర్చుంది. ఆట చూడలేదు. ఆ ఖాళీ మెట్లనే చూస్తూ, "ఎవరు పోయారని ఆ చోటు అలా వదిలేశారు?" అంది. ఉగాది రాకుండానే ఆవిడే పోయింది. ఆ మాట తాతాజీని వదల్లేదు. మనిషి కూర్చోని చోటే దుమ్ము ఎక్కువ పడుతుంది కనుక ఆ మెట్లు రోజూ ఊడుస్తాడు. ఊడుస్తుంటే వెనక మెట్టు మీద వేరుశనగ తొక్క చిట్లిన చప్పుడవుతుంది. తిరిగి చూడడు. చూస్తే ఆగిపోతుందని భయం. భయమంటే ఆవిడ ఉందని కాదు, లేదని.

గీతలు పూర్తయ్యేసరికి గేట్ల దగ్గర గోల మొదలైంది. కొత్తగా పెళ్ళయిన రమ్యశ్రీ అనే అమ్మాయి కమిటీ కార్యదర్శి మురళీకృష్ణని నిలదీస్తోంది.

"నా ఆధార్ ఇంకా కొబ్బరిలంకలోనే ఉందండి. మా ఆయనది రేవుపాలెం. ఆయన అటూ నేనిటూనా? మరి మాకెందుకండీ పెళ్ళి చేశారు?"

"రూలమ్మా. నేనేం చెయ్యను?"

"ఒకే బంతిలో కూర్చుని భోంచేసినవాళ్ళం. ఇక్కడ కరుచుకుంటామాండి?" వెనకనుంచి ఒక పెద్దాయన అందుకున్నాడు. "మీ రూలు పుణ్యమా అని పక్కూళ్ళవాళ్ళు రావడమే మానేశారు. ఏ గేటో తెలీక వెనక్కి పోతున్నారు. సగం మెట్లు బోసిగా ఉంటున్నాయి. ఎండలో మేము, నీడలో పావురాలు. బాగుందండి సంబడం!"

మురళీకృష్ణ చెమట తుడుచుకుని తాతాజీని పక్కకి పిలిచాడు. "తాతాజీ గారూ, మధ్య గ్యాలరీలో పిట్ట కూడా వాలకూడదండి. ఒక్కరిని వదిలామంటే రెండు పక్కలవాళ్ళూ దూకేస్తారు. తేడా వస్తే మీ కొలువూ నా పదవీ రెండూ పోతాయి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు తాతాజీ. అన్నాడు గానీ ఆయన చూపు సామాన్ల గోదాములో మేకుకి తగిలించిన తన రెండో ఖాకీ చొక్కా మీద ఉంది.

వారం కిందట దొరబాబు ఫోను చేశాడు. "బావా, ఎడం కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్నులో పొగమంచు. వచ్చే ఏటికి అది కూడా ఉండదన్నారు డాక్టరుగారు. పోయినేడు మా గ్యాలరీలో కుర్రాళ్ళ మధ్య కూర్చున్నాను. గోలు పడితే ఎగురుతారు గానీ ఎవడు కొట్టాడో ఒక్కడూ చెప్పడు. ఆట కోసం కాదు బావా. నువ్వు చెప్తుంటే వినాలనుంది. ఈ ఒక్కసారికి నన్ను పక్కన కూర్చోబెట్టుకోవా?"

"చూద్దాంలే," అని పెట్టేశాడు తాతాజీ. ఆ వారమంతా నిద్ర సరిగా లేదు. జీవితంలో ఆయన ఎవరి మాటా దాటినవాడు కాదు. బెంచీ మీద కూర్చోమంటే కూర్చున్నాడు, తాడు కట్టమంటే కట్టాడు. ఇప్పుడు కట్టిన తాడు తనే దాటాలి. అయినా అచ్చాయమ్మ తమ్ముడు చూపుతో చూసే చివరి ఆట ఇది. దీన్ని కూడా వదిలేస్తే ఆ మెట్లు ఊడ్చే మొహం ఉండదనుకున్నాడు.

మధ్యాహ్నం దక్షిణం గేటు దగ్గర దొరబాబుని చెయ్యి పట్టుకుని గోదాములోకి నడిపించాడు. తెల్లటి గ్లాస్కో చొక్కా, నల్ల కళ్ళజోడు, మనిషి పెళ్ళివారింటికి వచ్చినట్టు ఉన్నాడు. ఖాకీ చొక్కా తొడుగుతుంటే ముక్కు చిట్లించాడు.

"ఏంటి బావా ఈ కంపు? సున్నంలో నానబెట్టావా?"

"నోరు మూసుకుని ఈ చీపురు పట్టుకో. ఎవరైనా అడిగితే గ్రౌండు స్టాఫువి."

"నలభై ఎకరాలు చేయించినవాణ్ణి. చివరికి నీ కింద స్టాఫునయ్యాను."

ఇద్దరూ తాడు ఎత్తి మధ్య గ్యాలరీలోకి దూరారు. మూడో మెట్టు దగ్గర తాతాజీ అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మెట్టు మీద పరిచాడు. పరిచాక గానీ చేసిన పని తెలియలేదు. మనిషి మాత్రుడు లేని గ్యాలరీలో సీటు ఆపాడు. తీసేద్దామనుకున్నాడు, చేతులు రాలేదు. దొరబాబు తడుముకుంటూ కూర్చోబోతే ఆ గుడ్డ వేళ్ళకి తగిలింది. అవతలికి జరిగి కూర్చున్నాడు. తాతాజీ ఇవతల కూర్చున్నాడు.

ఆట మొదలైంది. తాతాజీ ఆటగాళ్ళని పేర్లతో చెప్పడు, ఇళ్ళతో చెబుతాడు. "బంతి మీ రొయ్యల చెరువువాళ్ళ కుర్రాడి దగ్గరుంది. వాడికి వాళ్ళ నాన్నలాగే కంగారు. అదిగో, పారేసుకున్నాడు. మా పెయింటరు కొడుకు అందుకున్నాడు... మీ కిళ్ళీకొట్టువాడు అడ్డం పడ్డాడు." దొరబాబు మెడ ముందుకు చాచి, ఆ మాటలు వచ్చేవైపు కాకుండా గ్రౌండువైపే చూస్తూ విన్నాడు. మొహం వెలిగిపోతోంది. చాలా రోజుల తరవాత తాతాజీకి సుఖంగా అనిపించింది.

రెండు పక్కల కేకలూ ఎగిరి రేకుల కప్పుకి కొట్టుకుని వాళ్ళ మీద పడుతున్నాయి. ఏది ఉత్తరమో ఏది దక్షిణమో తెలియకుండా కలిసిపోయి, ఆఖర్న ఒక సన్నటి ఆడగొంతు మిగులుతోంది. కొబ్బరిలంకకే అరుస్తోంది. తాతాజీ తువ్వాలు వైపు చూడలేదు.

ఈలోగా దక్షిణం గ్యాలరీలో ఎవడో పోల్చుకున్నాడు. "దొరబాబు మావయ్యా! ఎప్పుడు చేరావు డ్యూటీలో?" జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు ఉత్తరానికీ పాకింది. మురళీకృష్ణ పరుగున వచ్చాడు.

"ఏంటండీ ఇది తాతాజీ గారూ? పొద్దున్న ఏం చెప్పాను?"

తాతాజీ లేచి నిలబడ్డాడు. "ఈయన అటువాడండి, నేను ఇటువాణ్ణి. ఇద్దరం ఒక్కచోట కూర్చోవాలంటే ఇంకెక్కడ కూర్చోమంటారండి? కొలువు తీసేస్తానంటే రేపు తీసెయ్యండి. ఇవాళ్టికి మాత్రం లేవను."

అంత మాట ఆయన నోట మురళీకృష్ణ ఎప్పుడూ వినలేదు. రెండు పక్కలా చూశాడు. ఎవరూ తాడు దాటలేదు, దాటే ఆలోచనలోనూ లేరు. పరిచిన తువ్వాలుని, దానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరినీ చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

విరామంలో తాతాజీ నిమ్మసోడా తాగాడు. గ్యాస్ దిగలేదు. సలుపు భుజం నుంచి దవడ దాకా పాకింది.

"చెమటలు పడుతున్నాయా బావా? చెయ్యి తడిగా ఉంది."

"కప్పు రేకులదిగా. ఉక్క."

రెండో సగంలో కొబ్బరిలంక గోలు కొట్టింది. దొరబాబు చీపురు గాల్లోకి ఎత్తి ఆడించాడు. తాతాజీ కాసేపు మూతి బిగించి, తరవాత చెప్పడం మొదలుపెట్టాడు. ఇవాళ అలగడానికి వీల్లేదు, అలిగితే దొరబాబుకి ఆట ఉండదు. గొంతు మెల్లగా వస్తోంది. ఎండ గ్రౌండు మీద నుంచి తగ్గుముఖం పట్టింది.

"మా పెయింటరు కొడుకు... ఎడం పక్కనుంచి తీసుకొస్తున్నాడు. మీ కిళ్ళీకొట్టువాణ్ణి దాటాడు... ఇంకొకణ్ణి దాటాడు... మీ గోల్‌కీపరు ముందుకొచ్చాడు..."

తరవాత మాట రాలేదు. ఒక్కసారిగా పెద్ద కేక లేచి, రేకులకి తగిలి, గ్యాలరీ అంతా మోగింది. రేవుపాలెం గోలు కొట్టింది. ఆ సంగతి దొరబాబుకి తెలియదు. ఆయనకి వినిపించింది కేక, ఆ తరవాత బావ మౌనం. ఆ మౌనం ఆయనకి ముప్ఫయ్యేళ్ళుగా అలవాటు.

"పోయిందా? బయటికి కొట్టాడా?" నవ్వుతూ అడిగాడు. "మళ్ళీ మావాళ్ళే వేశారా ఏంటి? చెప్పు బావా. మూత బిగుసుకుందా? నూనె రాయడానికి మా అక్క కూడా లేదు కదా."

ఈల మోగింది, ఆట మళ్ళీ సాగింది. దొరబాబు తన ధోరణిలో వేళాకోళం చేస్తూనే ఉన్నాడు. ఓడినంత మాత్రాన మనుషులతో మాట్లాడకూడదా అన్నాడు. అక్క ఇన్నేళ్ళు నీతో ఎలా వేగిందో అన్నాడు. సరేలే, ఇంటికెళ్ళి మజ్జిగన్నం తిన్నాకే మాట్లాడు, నేనూ వస్తాను అన్నాడు. మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు నెమ్మదించింది. ఆఖరి ఈల మోగాక కూడా బావ లేవకపోయేసరికి, తువ్వాలు మీదుగా చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"బావా," అన్నాడు. మళ్ళీ, "బావా."

ఆ పిలుపు రేకులకి తగిలి రెండు గ్యాలరీలకీ వినిపించింది. గేట్ల వైపు నడుస్తున్నవాళ్ళు ఆగారు. ముందు రమ్యశ్రీ తాడు కింద నుంచి దూరింది. ఉత్తరం వైపు నుంచి ఆమె భర్త, వాళ్ళ వెనక ఒకరి తరవాత ఒకరు అందరూ వచ్చారు. మురళీకృష్ణ నీళ్ళ సీసాతో పరుగెత్తుకొచ్చి, తాతాజీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, సీసా మూత మళ్ళీ బిగించేశాడు. ఎవరో అంబులెన్సుకి ఫోను చేస్తూనే ఉన్నారు.

మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న మెట్లన్నీ మనుషులతో నిండిపోయాయి. ఎవరు ఏ ఊరివారో ఎవరూ అడగలేదు. నిలబడ్డానికి చోటు లేక ఒకరి మీద ఒకరు పడుతున్నా, మూడో మెట్టు మీద సున్నపు వేళ్ళ ముద్రలు పడిన ఎర్రంచు తువ్వాలుని మాత్రం, వెనక ఇంకా ఎవరో రావలసి ఉన్నట్టు, అందరూ తొక్కకుండా తప్పుకుని నిలబడ్డారు.